మార్కెటింగ్ చదివితే జీతం ఎంత? ప్యాకేజీ అంకె వెనక చూడాల్సినవి



పదో తరగతి పేరెంట్-టీచర్ మీటింగుల్లో ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. ఒక నాన్నగారు దాన్ని ఉన్నదున్నట్టు అడిగారు: "మావాడు ఎంపీసీ వద్దంటున్నాడు. ఎంఈసీ తీసుకుని, తర్వాత బీబీఏ, ఎంబీఏ చేసి మార్కెటింగ్‌లోకి వెళ్తాడట. మార్కెటింగ్ అంటే బ్యాగు తగిలించుకుని ఇంటింటికీ తిరగడమే కదండీ, దానికి ఇంత చదువెందుకు?" పక్కనే కూర్చున్న ఒక అమ్మగారి మాట వేరు: "మా చుట్టాలబ్బాయికి మార్కెటింగ్‌లోనే ముప్ఫై లక్షల ప్యాకేజీ వచ్చిందండీ. మా పాపను కూడా అటే పంపుదామనుకుంటున్నాం."

ఇద్దరు చెప్పిందీ నిజమే. నెలకు పదిహేను వేలతో మొదలయ్యే ఉద్యోగాన్నీ, ఏడాదికి ముప్ఫై లక్షలతో మొదలయ్యే ఉద్యోగాన్నీ మనం మార్కెటింగ్ అనే ఒక్క మాటతోనే పిలుస్తున్నాం. అందుకే "మార్కెటింగ్‌లో జీతం ఎంత?" అని అడిగితే సరైన జవాబు దొరకదు. ఏ పని, ఏ కాలేజీ నుంచి, అందులో చేతికి వచ్చేది ఎంత అని మూడు ప్రశ్నలుగా విడగొట్టి అడగాలి. ఈ నెల వ్యాసంలో ఆ మూడింటినీ చూద్దాం.

అమ్మడం ఒక్కటే మార్కెటింగ్ కాదు

మీ వీధి చివర కిరాణా కొట్టు ముందు దండల్లా వేలాడే షాంపూ ప్యాకెట్లను గుర్తు చేసుకోండి. ఒకప్పుడు షాంపూ అంటే సీసా. నెల సరుకుల్లో అంత డబ్బు పెట్టగలిగిన ఇళ్ళే కొనేవి. తమిళనాడులోని కడలూరులో సి.కె. రంగనాథన్ 1983లో పదిహేను వేల రూపాయలతో కంపెనీ పెట్టి, చిక్ షాంపూను చిన్న ప్యాకెట్లలో అమ్మారు. ఒక్క తలస్నానానికి సరిపడా షాంపూ, జేబులో చిల్లరతో కొనగలిగే ధర, పల్లెటూరి కొట్టులో కూడా దొరికే ఏర్పాటు, దాన్ని ఎలా వాడాలో జనం ముందే చేసి చూపించడం. ఆ కంపెనీయే తర్వాత కెవిన్‌కేర్‌గా ఎదిగింది.

ఇందులో అమ్మకం చివరి మెట్టు మాత్రమే. ఎంత పరిమాణంలో ఇవ్వాలి, ఎంత ధర పెట్టాలి, ఎక్కడ దొరకాలి, జనానికి ఎలా చెప్పాలి అనే నాలుగు నిర్ణయాలూ కలిస్తేనే మార్కెటింగ్. వస్తువు, ధర, చోటు, ప్రచారం అనే ఈ నాలుగు భాగాల పద్ధతిని 1960లో జెరోమ్ మెకార్తీ అనే అమెరికన్ ప్రొఫెసర్ పాఠ్యపుస్తకంలో పెట్టారు. ఇప్పటికీ బీబీఏ మొదటి ఏడాదిలో పిల్లలు 'ఫోర్ పీస్' అని చదివేది దాన్నే. ఈ నాలుగింటిలో ఏ పని చేస్తున్నారు, ఎంత పెద్ద నిర్ణయం తీసుకుంటున్నారు అన్నదాన్ని బట్టే జీతం మారుతుంది.

ఏ పనికి ఎంత?

కింది అంకెలు మన రెండు రాష్ట్రాల్లోనూ, చుట్టుపక్కల పెద్ద నగరాల్లోనూ కొత్తగా చేరేవారికి సాధారణంగా కనిపించే స్థాయిని చెబుతాయి. కంపెనీని బట్టి, ఊరిని బట్టి ఎక్కువ తక్కువలు ఉంటాయి.

ఫీల్డ్ సేల్స్: సబ్బులు, బిస్కట్ల కంపెనీల సేల్స్ ఆఫీసర్లు, డాక్టర్లను కలిసే మెడికల్ రిప్రజెంటేటివ్‌లు, బ్యాంకు లోన్లు, ఇన్సూరెన్స్, ఫ్లాట్లు అమ్మేవాళ్ళు ఈ కోవలోకి వస్తారు. ఎక్కువ ఉద్యోగాలు ఉన్నది ఇక్కడే. డిగ్రీతో చేరితే ఏడాదికి రెండు నుంచి నాలుగు లక్షలు. దీనికి తోడు పెట్రోలు, రోజువారీ భత్యం, టార్గెట్ దాటితే ఇన్సెంటివ్ ఉంటాయి. ఎండలో తిరగాలి, నెలాఖరు ఒత్తిడి ఉంటుంది. అయితే పైకి వెళ్ళే దారి కూడా స్పష్టంగానే ఉంటుంది. అమ్మకాల అంకె ఎవరూ దాచలేరు కాబట్టి, బాగా చేసినవాళ్ళు ఏరియా మేనేజరు, రీజినల్ మేనేజరు దాకా ఎదుగుతారు.

డిజిటల్ మార్కెటింగ్: గూగుల్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌లలో ప్రకటనలు నడపడం, వెబ్‌సైటు సెర్చ్‌లో పైన కనిపించేలా చేయడం ఈ పని. మొదటి జీతం రెండున్నర నుంచి నాలుగు లక్షలు. ఏ ప్రకటనకు ఎంత ఖర్చయింది, దానివల్ల ఎంత అమ్మకం వచ్చింది అని లెక్క కట్టి చూపగలిగినవాళ్ళ జీతం మూడు నాలుగేళ్ళలో బాగా పెరుగుతుంది. పోస్టులు పెట్టడం మాత్రమే తెలిసినవాళ్ళది అక్కడే ఆగిపోతుంది.

మార్కెట్ రీసెర్చ్, అనలిటిక్స్: జనం ఏం కొంటున్నారు, ఎందుకు మానేస్తున్నారు అని సర్వేలతో, అమ్మకాల లెక్కలతో తేల్చే పని. స్టాటిస్టిక్స్, ఎక్సెల్ మీద పట్టు కావాలి. నాలుగు నుంచి ఏడు లక్షలతో మొదలవుతుంది. హైదరాబాద్‌లో పెద్ద కంపెనీల కార్యాలయాలు పెరగడంతో ఈ పనులు మన ఊళ్ళోనే దొరుకుతున్నాయి.

సాఫ్ట్‌వేర్, యంత్రాల అమ్మకం: ఒక కంపెనీ తన సరుకును ఇంకో కంపెనీకి అమ్మడం. ఇక్కడ ఇంజనీరింగ్ చదివి, చక్కగా మాట్లాడగలిగినవాళ్ళకు గిరాకీ ఎక్కువ. అంటే ఎంపీసీ తీసుకున్నంత మాత్రాన మార్కెటింగ్ దారి మూసుకుపోదు.

బ్రాండ్ మేనేజ్‌మెంట్: ఒక సబ్బుకో, టీ పొడికో పూర్తి బాధ్యత వహించే ఉద్యోగం. ఆ అమ్మగారు చెప్పిన ముప్ఫై లక్షలు దాదాపు ఇక్కడివే. పెద్ద వినియోగ వస్తువుల కంపెనీలు ఈ పోస్టులకు ఎక్కువగా పేరున్న పది పదిహేను బి-స్కూళ్ళ నుంచే తీసుకుంటాయి. ఒక సంగతి గమనించండి. అక్కడ చేరినవాళ్ళను కూడా మొదట కొన్ని నెలలు సేల్స్‌లోకే పంపుతారు. ఆ కుర్రాడు కూడా బ్యాగు తగిలించుకుని కొట్టు కొట్టుకూ తిరగాల్సిందే. కొట్టువాడి కష్టం తెలియనివాడు బ్రాండు నడపలేడని ఆ కంపెనీల నమ్మకం.

ప్యాకేజీ ఆరు లక్షలైతే చేతికి ఎంత?

ఆఫర్ లెటర్‌లో ఆరు లక్షలని ఉంటే పన్నెండుతో భాగించి నెలకు యాభై వేలు అనుకుంటాం. సేల్స్ ఉద్యోగాల్లో ఈ లెక్క బాగా తప్పుతుంది. ఒక ఉదాహరణ చూడండి.

ఆరు లక్షల సీటీసీలో లక్షా ఇరవై వేలు 'వేరియబుల్' అనుకుందాం. అంటే టార్గెట్ చేరితేనే వచ్చేది. మిగిలింది ₹4,80,000. అందులో బేసిక్ సగం, అంటే ఏడాదికి ₹2,40,000. కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, ₹28,800. గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది 4.81 శాతం, ₹11,544. ఇవి రెండూ సీటీసీలో కలిపి చూపిస్తారు కానీ నెలనెలా చేతికి ఇవ్వరు. అవి తీసేస్తే నెలకు సుమారు ₹36,638. ఇందులో నుంచి ఉద్యోగి వంతు పీఎఫ్ ₹2,400, వృత్తి పన్ను ₹200 పోతే బ్యాంకు ఖాతాలో పడేది సుమారు ₹34,000.

యాభై వేలు అనుకున్నది ముప్ఫై నాలుగు వేలైంది. ఇందులో మోసమేమీ లేదు. పీఎఫ్ మన పిల్లల పొదుపే. టార్గెట్ చేరితే వేరియబుల్ కూడా వస్తుంది. కానీ ఇంటి అద్దె, ఈఎంఐ లెక్కలు వేసుకోవాల్సింది ముప్ఫై నాలుగు వేల మీద. అందుకే ఆఫర్ వచ్చినప్పుడు పిల్లలతో ఈ మూడూ అడిగించండి: ఫిక్స్‌డ్ ఎంత? వేరియబుల్ ఎంత? పోయినేడాది చేరినవాళ్ళకు ఆ వేరియబుల్‌లో నిజంగా ఎంత అందింది?

హోర్డింగ్ మీది అంకెను ఎలా చదవాలి?

అడ్మిషన్ల కాలంలో రోడ్డు పక్కన "హయ్యెస్ట్ ప్యాకేజీ" అని పెద్ద అక్షరాలు కనిపిస్తాయి. ఆ జీతం ఒక్క విద్యార్థిది. మీ పిల్లవాడు ఆ ఒక్కడే అవుతాడని ఎవరూ హామీ ఇవ్వలేరు.

సగటు కూడా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. ఒక క్లాసులో పదిమంది ఉన్నారనుకోండి. తొమ్మిదిమందికి నాలుగు లక్షల చొప్పున, ఒక్కరికి ముప్ఫై లక్షలు వచ్చాయి. మొత్తం 66 లక్షలు, సగటు 6 లక్షల 60 వేలు. ఆ క్లాసులో ఆరు లక్షల అరవై వేలు వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు! అందరినీ జీతం వరుసలో నిలబెట్టి మధ్యలో ఉన్నవారి జీతం చూస్తే నాలుగు లక్షలే. దీన్నే 'మీడియన్' అంటారు. స్కూలు గణితంలో మన పిల్లలు నేర్చుకునే మధ్యగతం ఇదే.

మీరు అడగాల్సింది ఈ మధ్యగతం. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఇస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు తమ వివరాలు సమర్పిస్తాయి. ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, వారి మధ్యగత జీతం ఎంత అన్నవి అందులో ఉంటాయి. ఆ పత్రం ఎన్‌ఐఆర్‌ఎఫ్ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. కాలేజీ తన వెబ్‌సైటులో కూడా పెట్టాలి. ఎంబీఏ సీటుకు డబ్బు కట్టేముందు ఒక్క అరగంట దీనికి కేటాయించండి. దీంతోపాటు ఏఐసీటీఈ అనుమతి ఉందో లేదో చూడండి. 2024-25 నుంచి బీబీఏ కోర్సులు కూడా ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి.

ఈ జాగ్రత్త ఎందుకంటే, పది లక్షల ఫీజుకు పది శాతం వడ్డీతో పదేళ్ళ విద్యా రుణం తీసుకుంటే ఈఎంఐ నెలకు సుమారు ₹13,200. పైన మనం లెక్కేసిన ముప్ఫై నాలుగు వేల నుంచి అది పోతే మిగిలేది ఇరవై వేల పైచిలుకు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో హాస్టల్, భోజనం, బస్సు అన్నీ అందులోనే. అదే నాలుగైదు లక్షల ఉద్యోగం డిగ్రీ తర్వాత రెండేళ్ళు పనిచేసినా అందేదైతే, ఆ పది లక్షలు దేనికి పెట్టినట్టు? ఫీజు ఎక్కువైనా మధ్యగత జీతం దానికి తగ్గట్టు ఉన్న కాలేజీ వేరు, ఫీజు మాత్రమే పెద్దదైన కాలేజీ వేరు.

మంచి కాలేజీలకు దారులు తెలిసినవే. ఏ డిగ్రీ చేసినవారైనా క్యాట్ రాయొచ్చు. ఏటా రెండు లక్షలమందికి పైగా రాసే పోటీ పరీక్ష అది. ఇంటర్ కాగానే ఐదేళ్ళ కోర్సులో చేరేందుకు ఐఐఎం ఇండోర్ 2011లో ఐపీఎం ప్రారంభించింది. తర్వాత మరికొన్ని ఐఐఎంలు కూడా అదే బాట పట్టాయి. మన రాష్ట్రంలోనే విశాఖపట్నం ఐఐఎం 2015 నుంచి నడుస్తోంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ యూనివర్సిటీల్లో, కాలేజీల్లో ఎంబీఏకు ఐసెట్ ఉండనే ఉంది.

రేపు ఈ ఉద్యోగాలు ఉంటాయా?

ఏఐ వచ్చాక చాలామంది తల్లిదండ్రుల భయం ఇదే. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత మార్కెటింగ్‌లో కొన్ని పనులు తగ్గుతున్న మాట నిజం. ఒకే రకం ప్రకటన మాటలు రాయడం, మామూలు పోస్టర్లు చేయడం, రిపోర్టులు నింపడం వంటివి యంత్రం క్షణాల్లో చేస్తోంది. వాటి మీదే ఆధారపడ్డ మొదటి మెట్టు ఉద్యోగాలకు పోటీ పెరుగుతుంది.

కానీ ఖమ్మంలో ఒక డీలరు సరుకు ఎందుకు తిప్పి పంపుతున్నాడో, దసరాకు ముందు ఏ సైజు ప్యాకెట్ ఎక్కువ పోతుందో, కోపంగా ఉన్న కస్టమరుతో ఎలా మాట్లాడాలో తెలియాలంటే మనిషి వెళ్ళి చూడాలి. జనాన్ని అర్థం చేసుకోవడం, లెక్కలు చదవడం, నిర్ణయానికి బాధ్యత తీసుకోవడం, ఈ మూడూ వచ్చినవాళ్ళకు ఏఐ పనిముట్టు అవుతుంది.

విదేశాల గురించి అడిగేవారూ ఉన్నారు. అమెరికా కార్మిక శాఖ 2024 మే లెక్కల ప్రకారం అక్కడ మార్కెటింగ్ మేనేజర్ల మధ్యగత జీతం ఏడాదికి సుమారు 1,61,000 డాలర్లు. మార్కెట్ రీసెర్చ్ అనలిస్టులది సుమారు 77,000 డాలర్లు. మొదటి అంకె చూసి ఆశపడకండి. అది ఎన్నో ఏళ్ళ అనుభవం తర్వాత వచ్చే పదవి. ఎంఎస్ చేసి వెళ్ళే పిల్లలకు దగ్గరగా ఉండేది రెండో పనే. దానికీ గణితం, స్టాటిస్టిక్స్ కావాలి.

ఈ "మార్కెటింగ్ ఉద్యోగాల"తో జాగ్రత్త

"ఇంటి నుంచే మార్కెటింగ్, నెలకు యాభై వేలు" అంటూ ముందుగా డబ్బు కట్టమనేవాళ్ళనూ, ఇంకో నలుగురిని చేర్పిస్తే కమీషన్ ఇస్తామనేవాళ్ళనూ నమ్మకండి. మనుషుల్ని చేర్చడం మీద నడిచే గొలుసు పథకాలను 1978 నాటి చట్టం నిషేధించింది. 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడా చేరడానికి రుసుము అడగకూడదని చెబుతున్నాయి. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడే తప్ప మన దగ్గర డబ్బు అడగడు. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలే వీళ్ళ వలలో ఎక్కువగా పడుతున్నారు కాబట్టి ఈ సంగతి ఇంట్లో ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి.

ఇప్పటి నుంచే చేయదగినవి

గణితాన్ని వదలనివ్వకండి. మార్కెటింగ్ అంటే లెక్కలు తప్పించుకునే దారి అని కొందరు పిల్లలు అనుకుంటారు. క్యాట్‌లోనూ, ఐసెట్‌లోనూ గణితం ఉంది. ఉద్యోగంలో శాతాలు, లాభనష్టాలు రోజూ ఉంటాయి.

తెలుగును చిన్నచూపు చూడనివ్వకండి. ఇంగ్లిష్ తప్పకుండా కావాలి. కానీ ఆదిలాబాద్ కొట్టువాడితో ఒకలా, అనంతపురం రైతుతో ఒకలా మాట్లాడి ఒప్పించగలిగిన మనిషి కంపెనీకి దొరకడం కష్టం. మంచి తెలుగు రాయగలిగిన, మాట్లాడగలిగిన పిల్లలకు ఈ రంగంలో అది జీతం తెచ్చే విద్యే.

డబ్బు కట్టి కోర్సులో చేర్పించేముందు ఉచితంగా దొరికేవి చూడండి. గూగుల్ స్కిల్‌షాప్, హబ్‌స్పాట్ అకాడమీలు ప్రకటనల గురించి ఉచితంగా నేర్పి సర్టిఫికెట్ కూడా ఇస్తాయి. డిగ్రీ పిల్లలు రెండు నెలలు వాటితో గడిపితే ఈ పని తమకు సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది.

అమ్మాయిల తల్లిదండ్రులకు ఒక మాట. "తిరిగే ఉద్యోగం వద్దు" అని ముందే తలుపు మూయకండి. రీసెర్చ్, డిజిటల్, బ్రాండ్ పనులు ఎక్కువగా ఆఫీసులోనే ఉంటాయి. సేల్స్‌లోకి వెళ్ళాలనుకున్నా ఏ ప్రాంతం, ప్రయాణం ఎలా, రాత్రి బస ఎక్కడ అని కంపెనీని నేరుగా అడగొచ్చు. పద్ధతిగల కంపెనీ వీటికి స్పష్టంగా జవాబు చెబుతుంది.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

వచ్చే ఆదివారం మీ పిల్లవాడినో పాపనో తీసుకుని తెలిసిన కిరాణా కొట్టుకు వెళ్ళండి. రద్దీ లేని వేళ చూసి, కొట్టాయన అనుమతితో ఓ అరగంట నిలబడనివ్వండి. ఏదైనా ఒకే సరుకు తీసుకుని, ఏ కంపెనీది కళ్ళకు ఎదురుగా ఉంది, ఏది కింది అరలో ఉంది, పెద్ద ప్యాకెట్‌లో గ్రాముకు ఎంత పడుతోంది, చిన్నదాంట్లో ఎంత, జనం పేరు చెప్పి అడుగుతున్నారా లేక ఏదో ఒకటి ఇమ్మంటున్నారా అని రాసుకోమనండి. ఇంటికొచ్చాక ఒకే ప్రశ్న వేయండి: "ఈ కంపెనీ నీదైతే ఏం మారుస్తావు?"

పావుగంటకే విసుక్కుంటే దాన్ని తప్పుగా తీసుకోకండి. ఆ సంగతి ఇప్పుడే తెలిసింది, అంతే. కళ్ళు మెరిసి, భోజనాల దగ్గర కూడా అదే మాట్లాడుతుంటే మాత్రం ఆ పిల్లలతో కాస్త కూర్చుని మాట్లాడండి.

మీటింగులో అడిగిన నాన్నగారికి మేం చెప్పిన జవాబు కూడా ఇదే. బ్యాగు తగిలించుకుని తిరగడం ఈ రంగంలో మొదటి మెట్టు, అందులో నామోషీ ఏమీ లేదు. రెండో మెట్టు ఉన్న చోట మీవాడు మొదటిది ఎక్కుతున్నాడా అన్నదే మీరు చూడాలి. ఆ అమ్మగారికీ ఒక మాట చెప్పాం. ముప్ఫై లక్షలు నిజమే, కానీ దాని వెనక ఏ కాలేజీ ఉంది, అక్కడ మధ్యలో నిలబడ్డ విద్యార్థికి ఎంత వచ్చింది అని కూడా మీ చుట్టాలబ్బాయిని అడగండి.

గ్రూపు ఎంపిక ఫారం నింపేలోపు ఈ లెక్కలన్నీ పిల్లలతో కలిసి ఒకసారి కాగితం మీద వేయండి. సందేహాలుంటే క్లాస్ టీచర్‌ను గానీ, మా కెరీర్ కౌన్సెలర్‌ను గానీ కలవండి.